ఊపిరి అన్న మాట

సోమవారం, సమావేశాల మొదటి రోజు

ఈ రోజు సభలో నేనొక ప్రశ్న అడిగాను. అధికారిక రికార్డులో అది లేదు. అందుకే ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. లేకపోతే రేపటికి నాకే అనుమానం వస్తుంది, అసలు అడిగానా అని.

పొద్దున్నే లేచి మాస్కు వడపోత దులుపుకున్నాను. నీళ్ల వరుసలో నిలబడి నా వాటా పట్టుకున్నాను. సభ్యుల హాస్టల్ క్యాంటీన్‌లో నాచుపిండి అట్టు తిన్నాను. దాన్ని పెసరట్టు అంటారు. ఈ అంగారకుడి మీద పెసలు కళ్లారా చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు కాబట్టి చెల్లిపోతోంది.

తర్వాత సభకు వెళ్లాను. ఉప ఎన్నికలో గెలిచి వచ్చినదాన్ని, నాకు ఇవే తొలి సమావేశాలు. దిగువపాలెం సొరంగాల బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే నీలవేణి టీచరు పార్లమెంటు సభ్యురాలు కావడమే మా వాళ్లకు వింత. మార్షల్ కేక వేశాడు, అందరం లేచాం. సభాపతి శేషశాయి గారు వచ్చి మూడు వైపులా నమస్కరించి కూర్చున్నారు. మొదటి నౌక తలుపు పిడిని వెల్వెట్ గుడ్డ మీద ఆయన ముందు పెట్టారు. అది బల్ల మీద ఉంటేనే సభ జరుగుతున్నట్టు లెక్క. ఆ పిడిని చూసి నిజంగానే నాకు ఒళ్లు పులకరించింది. మా పూర్వీకులు కూడా ఆ తలుపులోంచే దిగారు మరి. శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ తవ్వకం పనులకని వచ్చినవాళ్లు.

నా వంతు వచ్చింది.

"అధ్యక్షా! దిగువపాలెంలో కొన్ని నెలలుగా రాత్రిపూట గాలి పీడనం తగ్గిస్తున్నారు. పిల్లలకు ఊపిరి ఆడడం లేదు. ముసలివాళ్లకు ఊపిరి అందడం లేదు. ఎవరి ఆదేశం మీద తగ్గిస్తున్నారో వాయుశాఖ మంత్రి చెప్పాలి."

ఇదీ నేనన్నది. నా చెవికి మాత్రం "పిల్లలకు ... ఆడడం లేదు, ముసలివాళ్లకు ... అందడం లేదు" అనే వినబడింది. ఆ ఒక్క మాట దగ్గర నా గొంతు మాయమైపోయింది. గొంతుకు ఏదో అడ్డుపడిందనుకుని మళ్లీ గట్టిగా అన్నాను. మళ్లీ మాయం. అధికార పక్షం బల్లల్లో కిసుక్కున నవ్వులు.

వాయుశాఖ మంత్రి నళినీకాంత్ లేచి, "గౌరవ సభ్యురాలి పిల్లలకు ఏది ఆడడం లేదో నాకు అర్థం కాలేదు అధ్యక్షా. క్రికెట్టా?" అన్నాడు. బల్లలు చరిచారు. ప్రశ్న ముగిసింది.

మర్యాద తెర గురించి నేను విననిది కాదు. సభలో బూతులు పెరిగిపోయాయని కిందటిసారి తెచ్చారు. నిషేధించిన మాట ఎవరి నోట వచ్చినా పైకప్పులోని యంత్రం దానికి ఎదురు శబ్దం వదిలి గాల్లోనే చంపేస్తుంది. ప్రసారంలో ఆ క్షణం పెదవుల్ని కూడా మసక చేస్తుంది. బూతులకే కదా, మంచిదే అనుకున్నాను. ఊపిరి ఎప్పటినుంచి బూతైంది?

మంగళవారం

సభాపతి గారిని ఆయన గదిలో కలిశాను. అల్లం టీ ఇప్పించారు. పెద్దమనిషి. మాటలో వంక పెట్టడానికి ఉండదు.

"పోయిన సమావేశాల్లో ఒక సభ్యుడు, 'మీ పాలనలో ఎవరికీ ఊపిరి ఆడదు' అని మంత్రివర్గాన్ని దూషించారమ్మా. మర్యాదల సంఘం ఆ మాటను జాబితాలో చేర్చింది. సభాపతిగా నేను జాబితాను అమలు చేస్తానంతే."

"ఆయన తిట్టారేమో గానీ నేను తిట్టలేదండీ. మా పిల్లలు తరగతిలో పెదవులు నీలంగా మారి బల్లల మీద వాలిపోతున్నారు. దాన్ని నేనేమనాలి?"

"మరో మాట వాడుకోండి. మన భాషలో మాటలకు కరువా?"

"మంత్రి గారి దగ్గరే గాలికి కరువు లేదు, మాటకూ కరువు లేదు" అని లేచి వచ్చేశాను. టీ మొత్తం తాగలేదు. హాస్టల్‌కొచ్చాక అనిపించింది, ఆ కప్పు ఆయన బల్ల మీద ఒంపేసి రావాల్సిందని.

బయటికొచ్చి అరవొచ్చు కదా అని హాస్టల్లో ఒకరు సలహా ఇచ్చారు. అరవొచ్చు. మంత్రి జవాబు చెప్పి తీరాల్సింది మాత్రం సభలో వినబడిన మాటకే. వినబడకపోతే ఆయనకు ఏ బాధ్యతా లేదు. కాగితం మీద రాసి చూపిద్దామంటే, ప్లకార్డులు పట్టుకున్న సభ్యుణ్ణి మార్షల్ ఎత్తి బయటపడేస్తాడు. అది తెర కన్నా పాత నియమం.

శనివారం

లిఫ్టులో దిగువపాలెం వెళ్లాను. దిగేకొద్దీ చెవులు గడియలు పడ్డట్టయ్యాయి. రాత్రి మాత్రమే తగ్గిస్తున్నామంటున్నారు, పట్టపగలు కూడా తేడా తెలుస్తోంది.

సింహాద్రి తాతను చూడ్డానికి వెళ్లాను. బోనెల సింహాద్రి మొట్టమొదటి పార్లమెంటులో దిగువపాలెం సభ్యుడు. నన్ను ఎన్నికల్లో నిలబెట్టిందీ ఆయనే. అప్పట్లో సభలో ఆయన లేస్తే మంత్రులు నీళ్లు నమిలేవారని చెప్పుకుంటారు. ఇప్పుడు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని, రెండు మాటలకోసారి ఆగుతున్నాడు. ఆయన భార్య పైడమ్మ వీపు నిమురుతోంది.

జరిగిందంతా చెప్పాను. క్రికెట్ సంగతి చెప్పేసరికి ఆయన కళ్లు ఎర్రబడ్డాయి.

"ఓరి ఆడి... బూతొస్తన్నాది నాకు" అని ఆగాడు. రొప్పు తగ్గాక, "పైన కొత్త గాజు కోలనీ కడతన్నారు గదేటి. దానికి గాలెక్కణ్ణించొస్తాదనుకున్నావు? మన రేతిరి గాలే. రేపో మాపో బిల్లొస్తాది సూడు. రేతిరే కాదు, పగలు కూడా తగ్గించీసి, సట్టం సేసెత్తారు" అన్నాడు.

"ఆపడానికి నా నోరే పనిచెయ్యట్లేదు తాతా."

"ఆ మిషనుకి మాటలు నేర్పినోలు ఎవులు? పైనోలు. మన మాటలు ఆలకేటి తెలుసు? ఊపిరొద్దంటే ఒగ్గీ. గస అను. రొప్పుతన్నారను. మీ అమ్మతోటి ఎలాగ మాటాడతావో, అలాగే మాటాడు అమ్మీ. టీచరమ్మలాగ మాటాడకు."

నేను నవ్వాను. ఆయనా నవ్వబోయి దగ్గులో పడిపోయాడు. పైడమ్మ నా వైపు చూసి, "ఎల్లు పాపా, ఈయన్ని ఇంక మాటాడించకు" అంది.

సోమవారం

తాత చెప్పినట్టే బిల్లు వచ్చింది. పీడన క్రమబద్ధీకరణ బిల్లు అని పేరు. గాలి తీసేయడానికి ఇంత నిగనిగలాడే పేరు పెట్టగలిగినవాణ్ణి మెచ్చుకోవాలి.

నేను లేచాను. బడిలోనూ సభలోనూ దాచుకుని తిరిగిన నా సొంత మాట బయటికి తీశాను.

"అధ్యక్షా! మా గుంటపిల్లలకి గస పెడతన్నాది. నాలుగడుగులేస్తే రొప్పుతన్నారు. ముసిలోలు కూకున్న కాడే సొమ్మసిల్లిపోతన్నారు. ఈ గాలి ఎవుల కోలనీకి తోలతన్నారో మంత్రి గోరు సెప్పాల!"

ఒక్క మాట కూడా మాయం కాలేదు. నా గొంతు ఆ గుండ్రటి హాలులో గోడగోడకూ తగిలి తిరిగి నా దగ్గరికే వచ్చింది. పై వరుసలో కూర్చున్న సందర్శకుల్లో ఎవరో మా వైపు వాళ్లు, "సెప్పు తల్లీ!" అని అరిచారు. మార్షల్ వాళ్లను బయటికి నడిపించాడనుకోండి.

నళినీకాంత్ పక్కనున్న అధికారిని "గస అంటే ఏమిటి?" అని అడగడం మైకులో అందరికీ వినబడింది. వాయుశాఖ మంత్రికి ఆ మాటకు అర్థం తెలియదు! జవాబు రేపు చెబుతానన్నాడు. ప్రతిపక్షం బల్లలు చరిచింది. నాకు ఎంత సంతోషమేసిందో రాయలేను.

బుధవారం

నిన్న మంత్రి ఊళ్లో లేడు. ఈ రోజు జవాబుకు బదులు బులెటిన్ వచ్చింది. గస, రొప్పు, సొమ్మసిల్లడం, అన్నీ జాబితాలో చేరాయి. అంతటితో ఆగలేదు. "సభా గౌరవానికి తగని ప్రాంతీయ అపభ్రంశాలు" అని ఒక పద్దు పెట్టారు. అంటే ఏమిటో లేచి నిలబడ్డాకే తెలిసింది. నోరు తెరిస్తే అసలు శబ్దమే లేదు. "నేదు" పోయింది. "ఏటి" పోయింది. "మా అమ్మ సెప్పినాది" అంటే మా అమ్మ ఒక్కతే మిగిలింది, ఆవిడ చెప్పినది పోయింది. నేను సభ మధ్యలో నిలబడి చేపలా నోరు తెరిచి మూస్తున్నాను, వాళ్లు నవ్వుతూ బల్లలు చరుస్తున్నారు.

మా భాషంతా బూతైపోయింది. మా వాళ్లు ఈ సభ పునాదులు తవ్వుతూ మాట్లాడుకున్న భాష, ఈ రాళ్లు మొదట విన్న భాష. దాన్ని ఊడ్చి బయటపోశారు.

క్యాంటీన్‌లో ఇజ్జాడ పాండురంగం ఎదురయ్యాడు. అధికార పక్షం సభ్యుడు. మా పక్క సొరంగాలు, ఎగువపేట, ఆయనవే. అక్కడ కూడా రాత్రి గాలి తగ్గిస్తున్నారు. ఆయన నన్ను తప్పించుకుని పోబోతే దారికి అడ్డంగా నిలబడ్డాను.

"మీరు బల్ల చరచడం చూశాను. గట్టిగానే చరిచారు."

"విప్ జారీ అయిందమ్మా. పార్టీ నిర్ణయానికి కట్టుబడి ఉండాలి" అన్నాడు, రేడియోలో వార్తలు చదివినట్టు.

"మీ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గిపోయింది, మాట కూడా మారిపోయింది. "మా మనవరాలు నిన్న బడికాడ పడిపోనాదమ్మా. నానేటి సేత్తాను సెప్పు? సీటిచ్చినోలు ఆలు. రేపు ఆలు నేదంటే నేదు."

ఆయన్ని తిట్టాలనే ఆపాను. ఆ మాట విన్నాక తిట్టలేదు. అలాగని జాలి కూడా పడలేదు. మనవరాలు పడిపోయినా బల్ల చరిచిన చేతిని చూస్తూ ఉండిపోయాను.

గురువారం

సింహాద్రి తాత పోయాడు.

తెల్లవారుజామున గాలి పంపులు నెమ్మదించే వేళ. పైడమ్మ పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేసింది. ఏడవలేదు. "కూకోబెట్టమన్నాడు. కూకోబెట్టినాను. అంతే పాపా" అంది. ప్రభుత్వ డాక్టరు వచ్చి కారణం "వృద్ధాప్యం" అని రాసి వెళ్లాడట. ఆ కాగితం మీద కూడా తెర వేశారన్నమాట.

వెంటనే బయల్దేరుతానన్నాను.

"రేపు ఆ బిల్లుకి ఓట్లేస్తారని ఆయన సెప్పినాడు. నువ్వు రాకు. అక్కడుండు. ఇక్కడ మోయడానికి మనుసులున్నారు."

రేపటితో ఈ పార్లమెంటు గడువు తీరిపోతుంది. సాయంత్రం గంట కొట్టేలోగా ఓటింగు జరిగితే బిల్లు చట్టమవుతుంది. జరక్కపోతే సభతోపాటే రద్దవుతుంది. వాళ్లకు మెజారిటీ ఉంది. నాకు ఒక ఓటు, మోగని గొంతు ఉన్నాయి. రోజంతా హాస్టల్ గదిలో గోడను చూస్తూ కూర్చున్నాను. వడపోత కూడా దులపలేదు.

శుక్రవారం, చివరి రోజు

ఇది జరిగింది జరిగినట్టు రాయాలి.

మొదట సంతాప తీర్మానం. మాజీ సభ్యులు పోతే అదే ముందు. సభాపతి గారు లేచి, "దిగువపాలెం తొలి సభ్యులు బోనెల సింహాద్రి గారు నిన్న వృద్ధాప్యంతో మరణించారని తెలియజేయడానికి చింతిస్తున్నాను" అని చదివారు. అందరం నిలబడ్డాం. "సంప్రదాయం ప్రకారం అదే స్థానం నుంచి ఎన్నికైన సభ్యురాలు మాట్లాడతారు" అని నా వైపు చూశారు.

ఏం మాట్లాడినా మాయమైపోతుందని తెలుసు. అయినా తాత గురించి అబద్ధం చెప్పలేను కదా. పెదవులైనా కదిలిద్దాం అనుకుని అన్నాను.

"అధ్యక్షా, ఆయన వృద్ధాప్యంతో పోలేదు. ఊపిరాడక పోయాడు."

ఊపిరి అన్న మాట హాలంతా మోగింది.

నేనే ఉలిక్కిపడ్డాను. నళినీకాంత్ చటుక్కున పైకప్పు వైపు చూశాడు. "అధ్యక్షా, తెర పనిచెయ్యడం లేదు!"

"చెడిపోలేదు" అన్నారు సభాపతి. "సంతాప సమయంలో ఆపేస్తాం. చనిపోయినవారి మీద తెర వెయ్యకూడదన్నది ఈ సభ ఆచారం. తెర తెచ్చినప్పుడే నియమాల్లో రాసుకున్నాం. మంత్రిగారు అప్పుడు చదివి ఉండరు."

"అయితే త్వరగా ముగించమనండి. బిల్లు ఉంది."

"సంతాప ప్రసంగానికి కాలపరిమితి లేదు. అది ముగిసేదాకా మరో అంశం చేపట్టే సంప్రదాయమూ లేదు. మధ్యలో ఎవరూ కూర్చోరు." ఆయన నా వైపు తిరిగారు. ముఖంలో ఏమీ కనబడలేదు. "చెప్పండమ్మా."

చెప్పాను. తాత మాటలోనే, మా మాటలోనే చెప్పాను. ఆయన సొరంగం కూలినప్పుడు చేతుల్తో మట్టి తోడి మనుషుల్ని బయటికి లాగిన సంగతి చెప్పాను. మొదటి సభలో లేచి, గాలి అమ్ముకునే సరుకు కాదని వాదించి గెలిచిన సంగతి చెప్పాను. అదే గాలిని ఈ రోజు అమ్మడానికి బిల్లు తెచ్చారని చెప్పాను. మంచం మీద గోడకు ఆనుకుని ఆయన గస పెట్టడం, పైడమ్మ వీపు నిమరడం చెప్పాను. నా తరగతిలో పిల్లల పెదవుల రంగు చెప్పాను. వాళ్ల పేర్లు చెప్పాను. దాచుకున్నదంతా కక్కేశాను. మంత్రులు నిలబడే వినాల్సి వచ్చింది. నళినీకాంత్ ఒక కాలి మీద బరువు వేసి, ఇంకో కాలి మీద వేసి, వాచీ చూసుకుంటున్నాడు. చూసుకోమన్నాను మనసులో. మా వాళ్లు నెలలుగా గోడలు పట్టుకుని నిలబడుతున్నారు.

మధ్యాహ్నం దాటేసరికి నా గొంతు బొంగురుపోయింది. మా పక్షంలో ఇంకొందరు అందుకుని మాట్లాడారు. కొత్తగా చెప్పడానికి వాళ్లకు తాత అంతగా తెలియదు. ఒక్కొక్కరే అయిపోయారు. సాయంత్రం గంటకు ఇంకా చాలా టైముంది. సభాపతి గారు, "ఇంకెవరైనా?" అన్నారు. ఎవరూ లేరు. నళినీకాంత్ బిల్లు కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు అధికార పక్షం వెనక వరుసలోంచి ఒక గొంతు వినబడింది.

"అధ్యక్షా, నాను సెప్తాను."

పాండురంగం. పక్కవాడు కోటు పట్టుకుని లాగాడు. ఆయన విదిలించుకున్నాడు.

"సింహాద్రి మావ నాకు ఓనమాలు దిద్దించినాడు అధ్యక్షా. ఆ మావ ఎలాగ సచ్చిపోనాడో మా ఎగువపేటోలందరికీ తెలుసు. మా మనవరాలు కూడా బడికాడ అలాగే పడిపోయి..." ఏడుపు మింగి మళ్లీ మొదలెట్టాడు. "బుదారం నాను బల్ల సరిసినాను. ఈ సేత్తోనే. ఇయ్యేళ నన్ను ఎవులూ కూకోమనకండి. కూకోను."

కూర్చోలేదు. ఎగువపేట వీధి వీధీ చెప్పాడు. ఎవరింట్లో ఎవరు పడిపోయారో చెప్పాడు. ఆయన ఆగేసరికి ఆ వరుసలోంచే మరో సొరంగం సభ్యురాలు అందుకుంది. ఆవిడ తర్వాత ఇంకొకరు. విప్ తలుపు దగ్గర నిలబడి చేతులూపుతూనే ఉన్నాడు. ఎవరూ అటు చూడలేదు.

సాయంత్రం గంట కొట్టేసరికి ఇంకా ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. మార్షల్ వచ్చి తలుపు పిడిని వెల్వెట్ గుడ్డలో చుట్టాడు. సభ ముగిసింది, బిల్లు పోయింది. నళినీకాంత్ కాగితాలు బల్ల మీద విసిరికొట్టి వెళ్లిపోయాడు.

సభాపతి గారు నా ముందునుంచి వెళ్తూ ఆగి నమస్కరించారు. నేను తిరిగి నమస్కరించాను గానీ ఆయన్ని క్షమించలేదు. తాత బతికుండగా నా నోరు నొక్కిన తెరను నడిపిందీ ఆయనే. నియమం చెప్పింది కాబట్టి నొక్కారు, నియమం చెప్పింది కాబట్టి వదిలారు.

ఆదివారం

దిగువపాలెం వచ్చాను. లిఫ్టు దగ్గరే జనం చుట్టుముట్టి భుజాలు తట్టారు. ఎన్నికలు రాబోతున్నాయి, మళ్లీ గెలిపిస్తామన్నారు. బిల్లయితే పోయింది గానీ రాత్రి పంపుల ఆదేశం ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎత్తేయించడానికి కొత్త సభ దాకా ఆగాలట. పాండురంగాన్ని పార్టీలోంచి తీసేశారు. ఆయన కబురు పంపాడు, పంపుల గది ముందు ఇద్దరం కలిసి ధర్నాకు కూర్చుందామని. రేపటినుంచి కూర్చుంటున్నాం.

పైడమ్మ ఇంటికి వెళ్లాను. తాత మంచం గోడవారకు ఎత్తిపెట్టేశారు. నేలమీద కూర్చుని సభలో జరిగిందంతా మొదటినుంచీ చెప్పాను. ఎవరెవరు లేచారో, ఏమేం అన్నారో, మంత్రి కాళ్లు ఎలా పీకాయో. ఆవిడ తల వంచుకుని చివరిదాకా వింది.

"రోజంతా ఆయన గురించే సెప్పినారా?"

"రోజంతా, అమ్మమ్మా. అందరూ నిలబడి విన్నారు."

"బతికున్నప్పుడు ఒక్క ముక్క ఇనుంటే సరిపోవును గదే" అంది ఆవిడ.

ఆవిడ లేచి, గోడ పట్టుకుని మెల్లగా నడుస్తూ నాకు మంచినీళ్లు తేవడానికి వెళ్లింది. ఆ రెండు అడుగులకే ఆవిడకు ఆయాసం రావడం నాకు వినబడుతూనే ఉంది.